హుసేనమ్మ చేతిలో పరదా తాడు

పోలీస్ యాక్షన్ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఏం జరిగిందో ఇప్పుడు ఎవరినడిగినా చెబుతారు. అప్పటికి పుట్టనివాళ్ళు ఇంకా బాగా చెబుతారు. ఎందుకంటే అందరూ ఆ సినిమా చూశారు. సినిమాహాల్లో ఆడవాళ్ళ వైపు నల్ల బురఖా వేసుకున్న ఒక మనిషి ఉండేదట. రజాకార్లతో కుమ్మక్కై, ఆట మధ్యలో పరదా మూసి, తలుపుకు గొళ్ళెం పెట్టి, లోపలున్న ఆడవాళ్ళందరినీ వాళ్ళకు పట్టివ్వబోయిందట. సరిగ్గా ఆ సమయానికి హీరో పైకప్పు పగలగొట్టుకుని దూకాడట, వెనకాలే టాంకులు వచ్చాయట. ఈ కథ నేను ఆటోలో విన్నాను, మా కాలేజీ స్టాఫ్‌రూములో విన్నాను, చివరికి మా సొంత అన్నయ్య నోట విన్నాను. ఇందులో నిజం రెండే ముక్కలు. పరదా ఉండేది. ఒకరోజు ఆట మధ్యలో అది మూసుకుంది. మిగతాదంతా వండి వార్చింది. ఆ రోజు ఆ పరదా లోపల నేను ఉన్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

కిందటి నెల అన్నయ్య కాప్రాలో కట్టుకున్న కొత్త ఇంటికి వెళ్ళాను. మా ప్రభాకర్ అన్నయ్య రైల్వేలో రిటైరయ్యాడు. చెరువు గాలి వచ్చేలా వరండా పెట్టించుకున్నాడు, రంగుల టీవీ కొన్నాడు, వీసీఆర్ కొన్నాడు. భోజనాలయ్యాక అందరినీ హాల్లో కూర్చోబెట్టి ఆ సినిమా క్యాసెట్టు పెట్టాడు. నేను డిగ్రీ పిల్లలకు సాహిత్యం చెప్పే మనిషిని, ఊరికే చూడటం నాకు చేతకాదు. హీరో నల్లగొండ పాలేరట, మాట్లాడేది మాత్రం కృష్ణా జిల్లా భాష. ఆ సినిమాలో తెలంగాణ మాట మాట్లాడేది ఒక్క హాస్యగాడే, వాడు నోరు తెరిస్తే జనం నవ్వాలి. విలన్‌కు కళ్ళకు సుర్మా, చేతిలో మాంసం ముక్క, గొంతులో నవ్వు. ఆడవాళ్ళకు రెండే పనులు, కేకలు పెట్టడం, చివర్లో హారతివ్వడం. సికింద్రాబాద్ వీధుల్లో ఎడ్లబండ్లు తప్ప ఇంకేమీ లేవు. రైలు కూత లేని సికింద్రాబాద్‌ను నేను మొదటిసారి ఆ సినిమాలోనే చూశాను. ఇక టాంకు. మన పాత పౌరాణికాల్లో భక్తుడు మొర పెట్టుకోగానే ఆకాశం చీలి దేవుడు దిగేవాడు కదా, ఆ దిగే చోటే ఇక్కడ టాంకు దిగింది. శంఖం ఊదే చోట బాకా ఊదారు. చరిత్ర తీశామని పోస్టర్ల మీద రాసుకున్నారు గానీ, తీసింది దేవుళ్ళ సినిమాయే. దేవుళ్ళ సినిమాకు రాక్షసులు కావాలి గదా, వాళ్ళను మా వీధిలోంచి పట్టుకెళ్ళారు.

హాలు సీను వచ్చింది. పరదా తాడు మీద ఒక చెయ్యి. తెరంతా ఆ చెయ్యే. ఎర్రటి గోళ్ళు, ఉంగరాలు, ముంజేతి దాకా నల్ల బురఖా. అన్నయ్య రిమోట్ నొక్కి దాన్ని అక్కడే ఆపాడు. మనవడు తాత మోకాలి మీద చెయ్యేసి, ఇదంతా నువ్వు చూశావా తాతా అని అడిగాడు.

"చూడకపోవడమేమిట్రా? నేనూ ఈ మా చెల్లెలూ ఆ హాల్లోనే ఉన్నాం. ఈ సీను వాళ్ళకు చెప్పిందే నేను" అన్నాడు అన్నయ్య.

కథ రాసేవాళ్ళు వచ్చి స్టేషను దగ్గర హోటల్లో దిగారట. పాతవాళ్ళను పిలిచి మీకు తెలిసినవి చెప్పండి అన్నారట. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి చెప్పి వచ్చాడట. తనకు సన్మానం జరిగినట్టుగా చెప్పాడు ఆ మాట. తెర మీద ఆ ఎర్రగోళ్ళ చెయ్యి ఇంకా వణుకుతూ ఆగి ఉంది. ఆ చెయ్యి ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. ఆమె గోళ్ళకు రంగు ఎన్నడూ లేదు. బొంతలు కుట్టీ కుట్టీ వేలి కొసలు గరుకుతేలి ఉండేవి. నా చెంప నిమిరితే గీరుకునేది.

ఆమె పేరు హుసేన్ బీ. మేమంతా హుసేనమ్మ అనేవాళ్ళం. బన్సీలాల్‌పేట్ సందులో ఒక్కతే ఉండేది, మొగుడు ఎప్పుడో పోయాడు. బురఖా ఆమెకు ఉందో లేదో గానీ నేనైతే చూడలేదు. ముతక చీర, నోట్లో తమలపాకు, మాట మొత్తం తెలుగు. పగలు బొంతలు కుట్టేది, ఆట ఉన్నప్పుడు హాల్లో జెనానా తలుపు దగ్గర నౌకరీ చేసేది. జెనానా అంటే ఆడవాళ్ళ క్లాసు. హాలుకు ఒక పక్కన, వేరే తలుపు, ఆ తలుపు సందులోకి తెరుచుకుంటుంది. లోపల బెంచీలు, బెంచీల ముందు పైనుంచి కిందిదాకా దళసరి పరదా. దీపాలు ఆరాక పరదా తీస్తారు, అప్పుడు తెర కనపడుతుంది. దీపాలు వెలిగేలోగా మళ్ళీ మూస్తారు, మగవాళ్ళకు మేము కనపడకూడదు. ఆ తాడు హుసేనమ్మ చేతిలో ఉండేది. తాడు పక్కనే ముక్కాలిపీట, దాని మీద ఆమె. జెనానాలో కొబ్బరినూనె, అత్తరు, మల్లెపూలు, పసిపిల్లల తడిగుడ్డలు, తమలపాకు అన్నీ కలిసి ఒక వాసన వేసేది. ఇప్పటికీ ఎక్కడైనా గాలాడని గదిలోకి అడుగుపెడితే సినిమా మొదలవబోతోందని నా ప్రాణం ఎదురు చూస్తుంది.

ఆ రోజుల్లో హాలుకు వచ్చేవన్నీ దాదాపు హిందుస్తానీ బొమ్మలే. మా చిలకలగూడలో రైల్వే ఉద్యోగుల ఆడవాళ్ళలో సగంమంది మా అమ్మలాగే గుంటూరు, బెజవాడల నుంచి వచ్చినవాళ్ళు, ఉర్దూ రాదు. ఇక్కడివాళ్ళకు బజారు ఉర్దూ వచ్చు గానీ నవాబుల దర్బారులో మాట్లాడే ఉర్దూ ఎవరికి అర్థమవుతుంది? అందుకని హుసేనమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా బొమ్మను తెలుగులో చెప్పేది. ఆమెకు మాత్రం అంతా అర్థమయ్యేదని కాదు. అర్థంకాని చోట అల్లేది. అర్థమై నచ్చని చోట మార్చేది. హీరోయిన్ మొగుడి కాళ్ళ మీద పడి ఏడుస్తోందనుకోండి, హుసేనమ్మ వెనక్కి తిరిగి మాకు చెప్పేది:

"కాళ్ళు మొక్కుతున్నదనుకుంటున్నరా? లే. ముక్కుపుడక కింద పడ్డది, దేవులాడుతున్నది. దొరుకుతలేదని ఏడుస్తున్నది, పాపం."

జెనానా అంతా ముక్కుపుడక దొరకాలని కోరుకునేది. మరీ సహించలేని సీను వస్తే, మొగుడు చెయ్యెత్తితే, అత్త జుట్టు పట్టుకుంటే, ఆమె తాడు లాగి పరదానే మూసేసేది. చప్పుడు వినపడేది, బొమ్మ కనపడేది కాదు. పైసలిచ్చి వచ్చినం, తెరువు అని కూరగాయల రాజవ్వ గొడవపెట్టుకుంటే, హుసేనమ్మ తాడు వదలకుండా తాపీగా జవాబు చెప్పింది.

"నీ ఇంట్ల రోజు సూస్తలేవా రాజవ్వా, గీడికొచ్చి సుత పైసలు పెట్టి సూడాల్నా? జెర ఆగు. వాని షానాతనం అయిపోయినంక నేనే తీస్త."

నేను ఎమ్మేలో ఉండగా, సినిమాను ఎలా చూడాలో చెప్పే ఇంగ్లీషు పుస్తకాలు చదివి పరీక్షలు రాశాను. ఏ పుస్తకంలోనూ ప్రేక్షకురాలు లేచి పరదా మూసేయవచ్చని రాసి లేదు. అలాగని హుసేనమ్మను నేను ఎత్తి పీట మీద కూర్చోబెట్టడం లేదు. మహా దబాయింపు మనిషి. తమలపాకు తెచ్చిచ్చినవాళ్ళకు దగ్గర కూర్చుని చెప్పేది, ఇవ్వనివాళ్ళు వెనక బెంచీలో అరచి అడిగినా పలికేది కాదు. రాజులూ కత్తులూ ఉన్న బొమ్మలంటే ఆమెకు చిరాకు, అవి వచ్చిన వారం కథ రెండు ముక్కల్లో తేల్చేసి కునుకు తీసేది. ఆమె చెప్పిన సినిమాల్లో ఏ ఆడదీ చచ్చిపోయేది కాదు. మంచం మీద కళ్ళు మూసినా సరే, పుట్టింటికి పోయింది, మొగుడు వెతుక్కుంటూ పోతాడు అనేది. పెద్దయ్యాక ఒక పాత బొమ్మను మళ్ళీ వేస్తే వెళ్ళి చూశాను. నేను పుట్టింట్లో సుఖంగా ఉందనుకున్న మనిషి నా కళ్ళముందు దగ్గి దగ్గి చచ్చిపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఎవరో మోసం చేసినట్టు ఒళ్ళు మండింది. మోసం చేసింది హుసేనమ్మ కాదు, ఆ సినిమా.

మా అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ పేరు కరుణమ్మ, మిషను బళ్ళో టీచరు. మాది గుడికి, అంటే చర్చికి, క్రమం తప్పని ఇల్లు. సినిమా పాపమని పాస్టరు అయ్యగారు ప్రసంగంలో చెబుతుండేవారు. సినిమాకు వెళ్ళిన టీచరును బల్ల నుంచి తీసేస్తారు, అంటే ప్రభురాత్రి భోజనం ఇవ్వరు. బల్ల నుంచి తీసేసిన మనిషికి మిషను బళ్ళో ఉద్యోగం ఉండదు. నాన్న రైల్వేలో చిన్న గుమస్తా, ఊళ్ళో తాతయ్యకూ అత్తయ్యలకూ పంపగా మిగిలేది కొంచెమే, ఇల్లు నడిచేది అమ్మ జీతంతో. అయినా అమ్మ వెళ్ళేది. శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తెల్లచీర ఇస్త్రీ చేసుకునేది. గంజి కాలుతున్న వాసన వస్తే మాకు తెలిసిపోయేది. బైబిలు సంచిలో వేయించిన శనగలు పోసుకునేది, ఎవరైనా అడిగితే బన్సీలాల్‌పేట్‌లో జబ్బుపడ్డ సహోదరిని చూడటానికి అనేది. నాన్నకు అన్నీ తెలుసు. గోడగడియారానికి తాళం తిప్పుతూ, మా వైపు చూడకుండా, చీకటి పడేలోగా వచ్చేయండి అనేవాడు. అన్నయ్య తోడు. వాడుక ప్రకారం అన్నయ్య మగవాళ్ళ బెంచీలో, నేనూ అమ్మా జెనానాలో. ఘోషా కోసం కట్టిన పరదా మా అమ్మను సంఘ పెద్దల కళ్ళనుంచి కాపాడేది. ఆ గుడ్డకు అంత ఉపయోగం ఉంటుందని ఆ హాలు కట్టించిన నవాబు అనుకుని ఉండడు.

సాయంత్రం చింతపండు పిసుకుతూ అమ్మ నాన్నకు వినపడేట్టు సినిమా కథ చెప్పేది, హుసేనమ్మ చెప్పినట్టే. అన్నయ్య బళ్ళో ఉర్దూ చదివేవాడు. వాడు చూసింది అసలు కథ కదా, ఉడికిపోయేవాడు. ఆమె చచ్చిపోయిందమ్మా, పుట్టింటికి పోలేదు అని గొంతు చించుకునేవాడు. నీకేం తెలుసురా, హుసేనమ్మ చెప్పింది అనేది అమ్మ. నాన్న పళ్ళెంలోంచి తలెత్తకుండా నవ్వేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి. తెర మీద ఏం జరిగిందన్న విషయంలో మా అన్నయ్య మాట ఎప్పుడూ నిజం. హాల్లో ఏం జరిగిందన్నది వేరే సంగతి.

ఇప్పుడు ఆ రోజు. పోలీస్ యాక్షన్‌కు కొన్ని నెలల ముందు. రజాకార్ల భయం కల్పించిందని నేనెప్పుడూ అనను. జిల్లాల నుంచి వచ్చే ప్రతి రైల్లోనూ మూటలు నెత్తిన పెట్టుకుని జనం దిగేవారు, కాలిన ఊళ్ళ పేర్లు చెప్పేవారు. మా వీధిలో చాలామంది పిల్లల్ని బెజవాడ పంపేశారు. పెద్దవాళ్ళు ఆ పేరు పలికేవారు కాదు, 'వాళ్ళు' అనేవారు, అంతే. ఆ గాలిలో కూడా శనివారం ఆట ఆడింది, మేము వెళ్ళాం. ఆ బొమ్మలో మొగుడు పెళ్ళాన్ని అనుమానిస్తాడు. తలుపు వేశాడు, నడుం పటకా తీశాడు. హుసేనమ్మ గీ బేకార్‌గాడు మనకొద్దు అని తాడు లాగింది. పరదా మూసుకుంది. రాజవ్వ ఎప్పటిలాగే సణిగింది. సరిగ్గా అప్పుడే అవతల రీలు తెగింది.

రీలు తెగితే మగవాళ్ళ క్లాసులో ఏమవుతుందో ఆ కాలం వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఈలలు, బెంచీలు బాదడం, తలుపులు తన్నడం, బూతులు. మామూలుగా పరదా తెరిచి ఉంటే మాకు తెర తెల్లబడటం కనపడేది, మేమూ నవ్వేవాళ్ళం. ఆ రోజు మా ముందు నల్లటి గుడ్డ తప్ప ఏమీ లేదు. వెనక బెంచీలోంచి ఒక గొంతు, ఎవరిదో ఇప్పటికీ తెలియదు, వచ్చిండ్రు అంది. ఎవరు వచ్చారని ఒక్కరూ అడగలేదు. చీకట్లో అందరూ ఒకేసారి లేచారు. పసిపిల్లల మీద పడ్డారు, బెంచీలు తిరగబడ్డాయి. హుసేనమ్మ రీలు తెగింది, రీలు అని గొంతు పోయేలా అరుస్తూ పరదా తీసి చూపించాలని తాడు లాగుతూనే ఉంది. ఆడవాళ్ళు పరదాను పట్టుకుని వేలాడుతుంటే తాడు ఎలా కదులుతుంది? చివరికి పైన కర్రతో సహా పరదా ఊడి మా నెత్తిన పడింది. అవతల దీపాలు వెలిగాయి. మగవాళ్ళు నోళ్ళు తెరుచుకుని మా వైపు చూస్తున్నారు. రజాకారు లేడు, పోలీసు లేడు. కానీ అప్పటికే సగంమంది పక్క తలుపులోంచి సందులో పడ్డారు. ఆ తలుపుకు గొళ్ళెం లేదు, అది లోపలినుంచి తోస్తే చాలు. నన్ను చేత్తో ఈడ్చుకుంటూ అమ్మా బయటపడింది, ఒక కాలికి చెప్పు లేదు, ముడి ఊడిపోయింది, బైబిలు సంచిలోంచి శనగలు రాలుతున్నాయి. ఎదురుగా సైకిలు దిగి నిలబడి ఉన్నది మా సంఘపెద్ద ఒకాయన. అమ్మను చూశాడు, హాలును చూశాడు, తలవంచుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం ఉదయమే, గుడికి బయల్దేరే ముందు, హుసేనమ్మ మా పెరటి గుమ్మంలోకి వచ్చింది. కొంగులోంచి అమ్మ చెప్పు తీసి మెట్టు మీద పెట్టింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే చాన్నాళ్ళు మా ఇంట్లో నేను వాటిని నటించి చూపించేదాన్ని.

"ఇగో టీచరమ్మా, నీ చెప్పు. పర్దా పాయె, నా నడుం సుత పాయె. గా బద్మాష్ పటకా తీయకుంటే గింత పరేషాన్ ఉండకపోవు."

అమ్మ నవ్వింది. చాయ్ కాచి ఇచ్చింది, ఇద్దరూ మెట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. రీలు తెగినందుకు పరదా పడిందని మా అమ్మకు తెలుసు. ఆ మెట్టు మీద ఆమె నవ్వడం నేను చూశాను. ఇదొక్కటీ నా దగ్గరనుంచి ఎవరూ లాక్కోలేరు.

ఆ రోజు ఆరాధన అయ్యాక అమ్మనూ నాన్ననూ అయ్యగారి గదిలోకి పిలిచారు. తోడు వెళ్ళినవాడు కాబట్టి అన్నయ్యనూ రమ్మన్నారు. నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆదివారపు బడిలో ఇచ్చిన కంఠత వాక్యం చీటీ చేత్తో పట్టుకుని, దాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి కూర్చున్నాను. లోపల మగగొంతులు వినపడ్డాయి, తర్వాత చాలాసేపు అమ్మ గొంతు, మాటలు తెలియలేదు. తలుపు తీశాక నాకు అర్థంకాని సంగతి ఒకటి జరిగింది. అయ్యగారి భార్య అమ్మను కావలించుకుని, ఎంత గండం తప్పింది తల్లీ, దేవుడే కాపాడాడు అని కళ్ళు తుడుచుకుంది. తిట్లు తినాల్సిన మనిషిని ఎందుకు ఓదారుస్తున్నారు? అమ్మను బల్ల నుంచి తీయలేదు. ఉద్యోగం పోలేదు. ఇంటికి నడిచివస్తూ అన్నయ్య నా చెయ్యి గట్టిగా నొక్కి, ఇకమీద హుసేనమ్మతో మాట్లాడకు అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. అమ్మ ముందు నడుస్తోంది.  ఆ రాత్రి నాన్న గడియారానికి తాళం తిప్పడం మరిచిపోయాడు.

తర్వాత పోలీస్ యాక్షన్ వచ్చింది. సినిమాలో చూపించినన్ని రోజులు కూడా పట్టలేదు. బడులు మూశారు, నాన్న రెండు రాత్రులు స్టేషన్లోనే ఉన్నాడు, రేడియో ఉన్న ఇంటి ముందు వీధి మొత్తం నిలబడింది. మిలిటరీ లారీలు వచ్చాయి, మేమూ వెళ్ళి చూశాం, పూలు వేశాం, ఎవరో గుప్పెట్లో చక్కెర పోస్తే తిన్నాం. ఊపిరి పీల్చుకున్నాం. అది అబద్ధమని నేనెందుకంటాను? కానీ మేము ఊపిరి పీల్చుకున్న వారంలోనే బన్సీలాల్‌పేట్ సందులో కొన్ని ఇళ్ళ తలుపులు పగలు కూడా మూసే ఉండటం నేను చూశాను. అది ఎవరి కెమెరాకూ కనపడలేదు.

హాలు మళ్ళీ తెరిచారు. చాలా నెలల తర్వాత అమ్మ గంజి చీర ఇస్త్రీ చేసింది. జెనానా గుమ్మంలో కొత్త మనిషి, లోపల కొత్త పరదా. ముక్కాలిపీట లేదు. హుసేనమ్మ ఏదని నేను అడిగాను, గట్టిగానే అడిగాను. వెనకనుంచి రాజవ్వ జవాబిచ్చింది:

"ఇంకేడి హుసేనమ్మ? పర్దా మూసి మనల్ని పట్టిద్దామని సూశింది గద. నౌకరికెల్లి తీసేసిండ్రు. బీదర్ దిక్కు అక్క బిడ్డ తాన్కి పోయిందట."

ఆ రాజవ్వ ఆ రోజు మాతోనే ఉంది. పరదా ఎందుకు మూసిందో తెలుసు, మూసినప్పుడు సణిగింది కూడా ఆమే. ఆ బెంచీల్లో కూర్చున్న సగంమందికి తెలుసు. నేను అమ్మ మొహంలోకి చూశాను. ఇప్పుడు చెబుతుంది, కాదు రాజవ్వా, రీలు తెగింది గదా అంటుంది అని చూస్తున్నాను. అమ్మ పైట సర్దుకుని తెర వైపు తిరిగింది. ఆ రోజు కథ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. హీరోయిన్ మొగుడి కాళ్ళ మీద పడింది. నేను ముక్కుపుడక కోసం నేలంతా వెతికాను. లేదు. ఆమె నిజంగానే కాళ్ళ మీద పడింది, లేవలేదు. దెబ్బలు కూడా చివరిదాకా చూశాం. ఆ తర్వాత అమ్మ సినిమాకు వెళ్ళలేదు. పాపమని ఎవరో చెప్పినందుకు కాదని నా అనుమానం. రజాకార్ల మీది పగను మామూలు ముసల్మాన్ల మీద తీర్చుకుంటున్న ఆ రోజుల్లో బీదర్ దిక్కు పోయిన మనిషికి ఏం ఎదురై ఉంటుందో నాకు పెద్దయ్యాక, తెలిసినవాళ్ళు గొంతు తగ్గించి చెబితే తెలిసింది. ఆమె చేరిందో లేదో మా వీధిలో ఎవరూ కనుక్కోలేదు.

అప్పుడు జనం బొమ్మను నమ్మేవాళ్ళు కాదని కాదు, నమ్మేవాళ్ళు. కానీ బొమ్మకు ఎదురు చెప్పే గొంతు ఒకటి హాల్లోనే ఉండేది, దాని చేతిలో ఒక తాడు ఉండేది. ఇప్పుడు కాప్రాలో సోఫాలో కూర్చుని, రిమోట్ చేతిలో పెట్టుకుని, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపగలిగిన మా అన్నయ్య సరిగ్గా ఆ అబద్ధం మీదే ఆపి మనవడికి చూపించాడు. తన జ్ఞాపకాన్ని తెర మీద చూసుకుని, తెర మీద ఉంది కాబట్టి అది నిజమే అంటున్నాడు. చరిత్ర సినిమా అని పేరు పెట్టుకున్న ప్రతిదానితోనూ నా గొడవ ఇదే. మనం ఇచ్చిన పుకారునే రంగులద్ది మనకు సాక్ష్యంగా తిరిగి ఇస్తుంది.

ఆ రోజు నేను ఊరుకోలేదు. ఆ చెయ్యి ఎవరిది అన్నయ్యా, పిల్లాడికి చెప్పు అన్నాను.

"సుగుణా, సినిమా అన్నాక కొంచెం మసాలా ఉంటుంది. వాళ్ళే పెంచుకున్నారు."

"వాళ్ళు ఎంత పెంచారని నేను అడగలేదు. నువ్వేం చెప్పావు?"

"నాకు తెలిసింది చెప్పాను."

"నీకెలా తెలుసు? నువ్వు పరదా అవతల కూర్చున్నావు. రీలు తెగడం నీ కళ్ళతో చూశావు. ఈలలు కూడా వేసుంటావు."

 అందరూ అనుకున్నదే గదా అన్నాడు అన్నయ్య. అందరూ అనుకోవడం మొదలుపెట్టింది పోలీస్ యాక్షన్ తర్వాత. అన్నయ్య నా చెయ్యి నొక్కి హుసేనమ్మతో మాట్లాడొద్దన్నది అంతకు నెలల ముందు, అయ్యగారి గదిలోంచి బయటికి వచ్చిన పది నిమిషాలకు. ఆ మాటే అన్నాను. అప్పుడు వదిన వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, పోయిన అత్తయ్యగారిని ఇప్పుడెందుకు లాగడం అంది. నేను అప్పటిదాకా అమ్మ పేరు ఎత్తనే లేదు.

అన్నయ్య రిమోట్ నొక్కాడు. ఎర్రగోళ్ళ చెయ్యి తాడు లాగింది, పిల్లాడు కళ్ళార్పకుండా చూశాడు. నేను బస్సెక్కి వచ్చేశాను. అప్పటినుంచి ఫోనులో పండగ శుభాకాంక్షలు తప్ప మా మధ్య మాటలు లేవు. అమ్మ ఒక మూసిన గదిలో, కొలువు పోతుందన్న భయంతో, కొందరు పెద్దమనుషుల ముందు నిలబడింది. దాన్ని నేను అర్థం చేసుకోగలను, క్షమించగలనో లేదో తర్వాత సంగతి. అన్నయ్యకు ఏ భయమూ లేదు. హోటల్ గదిలో ఫ్యాను కింద కూర్చుని, టీ తాగి, ఊరందరికీ చెప్పాడు. ఆనాడు అయ్యగారి గదిలో ఉన్నవాళ్ళలో ఇప్పుడు బతికున్నది అన్నయ్య ఒక్కడే. అందుకే ఇంట్లో అడిగినదాన్ని ఇక్కడ అచ్చులో మళ్ళీ అడుగుతున్నాను. పొద్దున మెట్టు మీద హుసేనమ్మతో కలిసి నవ్విన మన అమ్మ, మధ్యాహ్నం ఆ మనిషే మనల్ని పట్టివ్వబోయిందన్న కథ ఆ పెద్దలు అందిస్తే తల మాత్రం ఊపిందా, లేక ఆ కథ తానే మొదలుపెట్టి తన నోటితో చెప్పిందా, అన్నయ్యా?